గోటిక్రింది బాధ: కంటికి కనబడని కణితిని కనుగొను విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు ఆజ్ఞాపించిరి. నేను పండితుడను గాను. వైద్యుడను అసలే గాను. ఊరి లెక్కలు వ్రాయువాడను. 1984లో కరణముల పదవులు రద్దగు పర్యంతము మా తండ్రిగారు ఈ యూరి కరణీకము చేసిరి. నేను నేటి పద్ధతిని అనుసరించి ఆ పనియే చేయుచున్నాను. భారత భాగవతములును, కొలదిపాటి వైద్యగ్రంథములును ఈ గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చుండి చదివికొన్నవే గాని గురుముఖమున నేర్చినవి గావు. కావున తప్పులున్న పెద్దలు దిద్దవలయునని ప్రార్థన.

ఇట్టి సభలలో గ్రంథాలయోద్యమ మహిమను గూర్చి మాటాడుట ఆచారము. ఆ యుద్యమమునకు జీవితము ధారవోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మన కర్నూలున జన్మించినవారే. ఆ విషయము నాకంటె బాగుగ చెప్పగలవారు ఈ వేదికమీదనే యున్నారు. నేను మాత్రము ఒక వ్రేలి గోటిని గూర్చి చెప్పదలచితిని. నవ్వవలదు. ఆ గోటిక్రింద మా యింట తొమ్మిదేండ్ల దుఃఖము దాగియుండెను.

మా యక్కగారు నాకంటె ఎనిమిదేండ్లు పెద్ద. ఇసుకలో నా వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించిన చేయి ఆమెది. 2004వ సంవత్సరము కార్తీకమాసమున ఒకనాటి తెల్లవారుజామున ఆమె చన్నీటి స్నానము చేసి వచ్చి, ఎడమచేతి ఉంగరపు వ్రేలిని కుడిచేత పట్టుకొని అరుగుమీద కూలబడెను. వ్రేలు చూచితిమి. వాపు లేదు, ఎరుపు లేదు, గాయము లేదు, చీము లేదు. గోరుచుట్టు లేచుచున్నదేమో యని నిమ్మకాయకు తొలిచేసి వ్రేలికి తొడిగితిమి. ఆ రాత్రి నడిజామున ఆమె ఆ నిమ్మకాయను లాగి గోడకు విసరికొట్టెను. సహనమునకు పెట్టినది పేరైన మనిషి అట్లు చేయుట మేమెన్నడును చూడలేదు.

పిదప ఒకచోట నరముల నీరసమనిరి. బలమునకు మాత్రలు వ్రాసిరి. మరియొకచోట కీళ్ళవాతమనిరి. వేరొకచోట ఎక్స్‌రే తీసి, ఎముక నిక్షేపముగా నున్నది, దిగులు మానుమనిరి. ఇంకొకచోట గోరు ఊడదీసిరి. కొన్నాళ్ళు తగ్గినట్లే యుండి, గోరు మొలచుకొలది బాధయు మొలచెను. గోరుచుట్టుమీద రోకటిపోటు అను సామెత మనమందరము వాడుదుము గాని, ఆ పోటు ఎట్టిదో ఆమెకు తెలిసినట్లు తెలిసినవారరుదు. చీరకొంగు తగిలినను, బట్టలు మడచునప్పుడు అంచు తగిలినను ఆమె ఊపిరి బిగబట్టెడిది. చలికాలమున అంట్లు తోమజాలక పోయెడిది. పని తప్పించుకొనుటకు నటించుచున్నదని ఇంటిలోనే గుసగుసలు పుట్టెను.

ఇప్పుడు నేను చెప్పవలసిన మాట చెప్పుటకు నోరు రాకున్నను చెప్పక తీరదు. జమాబందీ లెక్కల తొందరలో నున్న ఒకనాడు నేనే, "గోటినొప్పికి కొండంత గోలయేమక్కా!" అంటిని. ఆమె బదులు చెప్పలేదు. ఆనాటినుండి ఆ వ్రేలిమాట మాయెదుట ఎత్తను లేదు. తొమ్మిదేండ్లలో కడపటి ఏడేండ్లు ఆమె మాటాడకయే భరించెను.

భారతమున కర్ణుని కథ మీరెఱుగుదురు. పరశురాముడు శిష్యుని తొడపై తలయుంచి నిదురించుచుండగా పురుగొకటి ఆ తొడను తొలిచెను. కర్ణుడు కదలలేదు, మూలుగలేదు. నెత్తురు కారి తన మేనికి తగిలినప్పుడుగాని గురువునకు సంగతి తెలియలేదు. నెత్తురు కారిన బాధకు నెత్తురే సాక్షి. నెత్తురు కారని బాధకు సాక్షియెవ్వరు? బాధపడువాని మాట యొక్కటే గదా! ఆ మాటను మేము కొట్టివేసితిమి.

2013లో మనుమని చేయి విరిగినప్పుడు అక్కగారు ఆ బిడ్డను వెంటబెట్టుకొని నగరమునకు పోయెను. నేనును తోడుపోయితిని. ఆ వైద్యుడు బిడ్డకు కట్టు కట్టుచు, అక్కగారు గుడ్డచుట్టిన వ్రేలిని దేనికిని తగులనీయక పైకెత్తి పట్టుకొనియుండుట గమనించెను. తన పని ముగించి, "అమ్మా, ఆ వ్రేలికేమి?" అని అడిగెను. "ఏమీ లేదు నాయనా" అని ఆమె పలికెను. ఆయన విడువలేదు. మూడు ప్రశ్నలడిగెను. బాధ ఒక్క వ్రేలికేనా, అన్నిటికినా? ఎక్కడనో రెండవచేతి వ్రేలికొనతో సరిగా చూపగలవా? చన్నీరు తగిలిన హెచ్చునా? ఆమె గోటిమీద ఒక చుక్క చూపెను. చలిమాట రాగానే ఆమె కన్నులు చెమర్చెను.

ఆయన గుండుసూది తలతో గోటిమీద చోటుచోట మెల్లగా నొక్కుచు వచ్చెను. ఆమె చూపిన చుక్కవద్ద కేకవేసెను. దానికి గింజయెడమున నొక్కినప్పుడు ఊరకుండెను. తరువాత చేయి పైకెత్తించి, రక్తపుపోటు చూచు పట్టీని దండకు చుట్టి గాలిపట్టి బిగించెను. వ్రేలికి రక్తము పోవుట ఆగగానే నొక్కినను బాధ లేకపోయెను. పట్టీ వదలగానే బాధ తిరిగి వచ్చెను. "ఇది ఏమియో నాకు దాదాపు తెలిసినది. ఎంతయున్నదో, ఎక్కడనున్నదో యంత్రము చెప్పవలయును" అని ఆయన పలికెను.

వాగ్భటుడు అష్టాంగహృదయమున రోగిని పరీక్షించు విధములు మూడని చెప్పెను. అవి దర్శనము, స్పర్శనము, ప్రశ్నము. అనగా చూచుట, తాకుట, అడుగుట. నాడు ఆ గదిలో నేను చూచినది ఆ మూడింటినే. అంతకుముందు మేము పోయిన చోటులందు చూచుట జరిగినది. అడుగుట మాత్రము జరుగలేదు.

ఆ వ్యాధికి గ్లోమస్ కణితి యని పేరు. మన వ్రేళ్ళకొనలందు చర్మముక్రింద, సన్నని రక్తనాళములు చుట్టలు చుట్టుకొన్న అతిసూక్ష్మమైన గ్రంథులు కలవు. చలి సోకినప్పుడు రక్తమును తగ్గించుట, వేడి కలిగినప్పుడు హెచ్చించుట వాని పని. మన కాలువల తూములవలె అవి తెరచుకొనుచు మూసికొనుచు నుండును. అట్టి తూమొకటి కారణము తెలియరాకుండ పెరిగి గింజవలె గట్టిపడిన అదియే ఈ కణితి. ఇది తఱచుగా గోటిక్రింద పుట్టును. నడివయసు స్త్రీలయందు హెచ్చుగా కనబడును. సామాన్యముగా కొలది మిల్లీమీటర్లకు మించదు. గోటికిని ఎముకకును నడుమ ఇరుకున చిక్కుకొనుటచేతను, అచ్చట నరములు దట్టముగా నుండుటచేతను, ప్రమాణమునకు మించిన బాధ కలిగించును. కొందఱికి గోటిక్రింద నీలిచాయయో, గోటిమీద నిలువుచారయో కనబడును. కొందఱికి ఏదియు కనబడదు.

ఇది ప్రాణాంతకమైన కాన్సరు కాదు. అట్లు మారుట మిక్కిలి అరుదు. సుశ్రుతుడు నిదానస్థానమున గ్రంథి, అర్బుదము మున్నగువానిని ఒక్క యధ్యాయముననే చెప్పి, వేఱువేఱు లక్షణములు పేర్కొనెను. గడ్డలన్నియు ఒక్కటి కావను వివేకము మన పూర్వులకు కలదు. పాశ్చాత్యులలో ఎడింబరో నగరపు విలియం వుడ్ అను శస్త్రవైద్యుడు 1812లో, చర్మముక్రింద పుట్టి తీవ్రముగా బాధించు చిన్న బుడిపెలను గూర్చి వ్రాసెను. అవి ఈ గ్రంథులనుండి పుట్టునని 1924లో పియెర్ మాసాన్ అను ఫ్రెంచివైద్యుడు నిరూపించెను. అనగా బాధను గుర్తించిన తరువాత దాని మూలము తెలియుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. ఆ నూఱేండ్లును రోగులు చెప్పినమాట నిజమే!

ఇక యంత్రముల సంగతి. ఇవి మనకు దేవరహస్యములుగా తోచును గాని, మన యెఱిగిన పోలికలతో తెలిసికొనవచ్చును.

మొదటిది ఎక్స్‌రే. 1895 నవంబరులో జర్మనీదేశమున రాంట్జెన్ ఈ కిరణములను కనుగొనెను. ఆ డిసెంబరులోనే తన భార్య చేతిని చిత్రము తీసెను. ఆ చిత్రమున వ్రేళ్ళ ఎముకలును, ఉంగరమును నల్లగా స్పష్టముగా కనబడెను. మాంసము పలుచని నీడగా మిగిలెను. మనము గమనింపదగినది ఇదియే. ఆ కిరణములకు ఎముక అడ్డు. మెత్తని కండ అంతగా అడ్డు గాదు. మా యక్కగారి బాధ ఉంగరపు వ్రేలిదే యైనను, ఉన్నది ఎముకలో గాదు, మెత్తని భాగమున. కావున ఎక్స్‌రే బాగుగానున్నదనుట అబద్ధము గాదు. ఎముక బాగుగానున్నదని మాత్రమే దాని యర్థము. కొందఱికి కణితి చాలకాలము ఒత్తుటచే ఎముకమీద చిన్న గుంట పడును. అప్పుడు మాత్రము ఎక్స్‌రేలో జాడ దొరకును.

మన దత్తమండలములు మదరాసు రాజధానిలో చేరియున్న దినములలో, 1934లో, మదరాసున బర్నార్డు రేడియాలజీ సంస్థ వెలసినది. నాడు ఇట్టి పరీక్షలకు మనవారు మదరాసునకో రాయవేలూరునకో పోవలసివచ్చెడిది. తరువాత 1957లో కర్నూలునను, 2006లో కడపయందును ప్రభుత్వ వైద్యకళాశాలలు ఏర్పడినవి. దూరము తగ్గినది. అడుగుటకు మన సంకోచము మాత్రము తగ్గలేదు.

రెండవది అల్ట్రాసౌండు. పాడుబావిలోనికి వంగి కేకవేసిన మాఱుమ్రోత వచ్చును. నీరెంత లోతున నున్నదో ఆ మ్రోతనుబట్టి పెద్దలు చెప్పెడివారు. ఈ యంత్రమును అంతే. మన చెవికి సెకనుకు 20,000 కంపనములవరకే వినబడును. వ్రేలి పరీక్షకు వాడు ధ్వని కోటికి పైబడిన కంపనములు గలది. అది లోనికి పోయి తగిలి తిరిగివచ్చిన మ్రోతలతో చిత్రము కూర్చబడును. రైలు మనవైపు వచ్చునప్పుడు కూత హెచ్చుగాను, దాటిపోవునప్పుడు తగ్గుగాను వినబడును గదా! దీని సూత్రము 1842లో డాప్లర్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు చెప్పెను. ఆ సూత్రముచే కణితిలో రక్తము ప్రవహించు వేగమును చూడవచ్చును. గ్లోమస్ కణితి రక్తనాళముల ముద్ద. కావున అందు రక్తప్రవాహము హెచ్చుగా కనబడును. ఈ పరీక్షకు ఖర్చు తక్కువ, కిరణముల భయము లేదు. కాని పరీక్షించువాని నేర్పు ముఖ్యము.

మూడవది ఎం.ఆర్.ఐ. ఇది నీటిని వెదకు యంత్రమనిన మన సీమవారికి వెంటనే బోధపడును. పెద్దవాని దేహభారమున నూటికి సుమారు 60 పాళ్ళు నీరే. నీటియందలి హైడ్రోజన్ పరమాణువుల నడిమి బీజములు సూక్ష్మమైన అయస్కాంతములవంటివి. భూమి అయస్కాంతబలమునకు 30,000 రెట్లకు పైబడిన బలము గల యంత్రములో రోగిని పరుండబెట్టినప్పుడు అవి వరుసకు వచ్చును. అప్పుడు రేడియో తరంగములను పంపిన ఆ వరుస చెదరును. తరంగములను ఆపగానే తిరిగి సర్దుకొనుచు తామును సన్నని సంకేతములు పంపును. ఒక్కొక్క ధాతువులోని నీరు ఒక్కొక్క తీరున సర్దుకొనును. ఆ భేదమును కంప్యూటరు చిత్రముగా వ్రాయును. బ్లాక్, పర్సెల్ అను ఇరువురు 1946లో మూలసూత్రమును కనుగొనిరి. దానితో చిత్రము తీయవచ్చునని 1973లో లాటర్‌బర్ చూపెను. ఈ పద్ధతిని వృద్ధిచేసినందులకు లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డులకు 2003లో నోబెల్ బహుమానము లభించెను.

మన యూరిలో బోరు వేయుటకు టెంకాయ అరచేత బట్టి తిరుగువారిని చూచితిమి. అక్కడ నమ్మకమే యాధారము. ఇక్కడ నీరే స్వయముగా బదులు చెప్పును. ఒక తీరు చిత్రమున గ్లోమస్ కణితి చుట్టునున్న భాగములతో కలిసిపోయి కనబడదు. వేఱొక తీరు చిత్రమున, ఎండిన చేనిలో ఊటచెలమ మెఱసినట్లు, తెల్లగా వెలుగును. గడోలినియం అను మందును నరములోనికి ఎక్కించిన ఇంకను స్పష్టముగా వెలుగును. మూత్రపిండముల జబ్బు గలవారు ఆ మందు ఎక్కించుటకు ముందే సంగతి చెప్పవలయును.

అక్కగారిని ఆ యంత్రమునకు తీసికొనిపోయినప్పుడు నగలన్నియు తీయుమనిరి. మంగళసూత్రమును తీయుమనగా ఆమె తటపటాయించెను. అక్కడి నర్సమ్మ, "పసుపుదారము కట్టుకొని రండమ్మా, తప్పులేదు" అని నచ్చజెప్పి, తానే దారము తెచ్చియిచ్చెను. ఈ సంగతి తల్లులకొఱకు చెప్పుచున్నాను. ఆ యంత్రముకడకు లోహము కూడదు. గుండెకు పేస్‌మేకరు అమర్చినవారును, దేహమున లోహపు ముక్కలున్నవారును ముందే చెప్పితీరవలయును. లోపల అరగంటకు పైగా కదలక పరుండవలయును. రోట దంచినట్లు చప్పుడగును; చెవులకు దూది పెట్టుదురు. ఒంటికి ఏమియు తగులదు, బాధ యుండదు.

ఫలితము వచ్చెను. ఎముకకును గోటికిని నడుమ నాలుగు మిల్లీమీటర్ల తెల్లని చుక్క. మన జొన్నగింజ యంత. వైద్యుడు ఆ చిత్రమును వెలుగునకెత్తి చూపెను. అక్కగారు చాలసేపు చూచెను. పిదప నావైపు తిరిగి, "చూస్తివా తమ్ముడా! నేను అబద్ధమాడలేదు గదా!" అనెను.

ఆమె వ్యాధి పేరడుగలేదు, నయమగునాయని యడుగలేదు. తొమ్మిదేండ్లుగా ఆమెకు కావలసినది సాక్ష్యము. నేను తలవంచుకొంటిని.

వ్రేలికి మాత్రమే మత్తిచ్చి, గోరెత్తి, ఆ గింజను సమూలముగా తీసిరి. కొంచెము మిగిలినను మరల పెరుగును గనుక, ఎక్కడనున్నదో చిత్రము ముందే చూపుట శస్త్రవైద్యునకు మేలైనది. తీసినదానిని సూక్ష్మదర్శినితో పరీక్షించి నిశ్చయము చేసిరి. కడపటి తీర్పు ఆ పరీక్షదే. అయిదారు నెలలకు గోరు మామూలుగా పెరిగెను. మరుసటి కార్తీకమున అక్కగారు చన్నీటి స్నానము చేసి దీపము పెట్టెను.

ఆ వైద్యుని రిపోర్టు నాకు తొలుత ఒక్క ముక్కయు అర్థము కాలేదు. ఈ గ్రంథాలయమున నిఘంటువు ముందుంచుకొని నాలుగు సాయంకాలములు కూర్చుండి దానిని చదివితిని. నేను నేడు చెప్పినదానిలో చాలభాగము ఆ నాలుగు సాయంకాలముల ఫలము.

ఇక మూడు మనవులు. మొదటిది: ప్రతి గడ్డయు ఇట్టిదని తలపరాదు. త్వరగా పెరుగునది, లోతున గట్టిగా కదలక యుండునది, నిమ్మకాయకంటె పెద్దదియైనది, నొప్పి లేకున్నను వెంటనే వైద్యునకు చూపవలయును. వాతలు పెట్టుట, బ్లేడుతో కోయించుట కూడదు.

రెండవది: యంత్రము సర్వజ్ఞము గాదు. మిక్కిలి చిన్న కణితి ఎం.ఆర్.ఐ.కిని అందకపోవచ్చును. చిత్రమున కనబడనంతమాత్రమున బాధ లేదనరాదు. ఎక్కడ వెదకవలయునో యంత్రమునకు చెప్పునది వైద్యుని ప్రశ్న. ఆ ప్రశ్నకు బదులు చెప్పునది రోగి. ఆమె చూపిన చుక్కయు, యంత్రము చూపిన చుక్కయు ఒక్కటే యయ్యెను. యంత్రము చూపుటకు తొమ్మిదేండ్లు ముందే ఆమె చూపియుండెను.

మూడవది: చేనికి అడంగలు వ్రాసినట్లు బాధకును అడంగలు వ్రాయుడు. ఒక కాగితమున నాలుగు గళ్ళు గీయుడు. ఎక్కడ? ఎప్పటినుండి? దేనివలన హెచ్చును? దేనివలన తగ్గును? ఆ కాగితమును వైద్యునిచేతికిండు. చదువురానివారికి వ్రాసిపెట్టుటకు సాయంకాలము ఆరుగంటలనుండి నేను ఈ బల్లయొద్దనే యుందును.

లెక్కలు వ్రాయువారికొక నియమము కలదు. మొత్తమున ఒక్క పైస తేడా వచ్చిన తెల్లవారులు దీపము పెట్టుకొని వెదకుదుము. తప్పు దొరకలేదందుము గాని, ఆ పైస తేడా వట్టి భ్రమ యనము. ముప్పదియేండ్లు కాగితములయెడ ఈ నియమము పాటించిన నేను, తోడబుట్టినదాని యెడ పాటింపనైతిని. మీ యిండ్లలో నెవరైన, కన్నుకు కనబడని చోటు చూపి నొప్పియనిన, లెక్క తేలువరకు వెదకుడని వేడుకొనుచున్నాను.

అక్కగారు నేడు ఈ సభలో స్త్రీల వరుసయందు కూర్చుండియున్నారు. వారి యనుమతితోనే ఇది చెప్పితిని.